పిరమిడ్ల దేశంలో మన నాణెం



ఈజిప్టు పేరు వినగానే మన కళ్ళ ముందు మూడు పిరమిడ్లు, ఒక స్ఫింక్స్, ఇసుకలో ఒక ఒంటె నిలబడతాయి. బడిలో చూసిన ఆ బొమ్మను దాటి మనలో చాలామందిమి ముందుకు పోలేదు. ఈమధ్య సంగారెడ్డి జిల్లాలోని మా రాయికోడ్ వైపు నుంచి కూడా దూరదేశాలు చూసొచ్చేవాళ్ళు పెరిగారు. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళున్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగాల్లో కుదురుకుని, పెద్దవాళ్ళైన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని పోయే పిల్లలున్నారు. ఈజిప్టు పోదామనుకునేవాళ్ళు నాలాంటి చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి అడిగేది దాదాపు ఒకటే. "సార్, అక్కడ రాజుల సమాధులు తప్ప మనం చూసేదేముంది?"

ఈ ప్రశ్నకు జవాబే ఈరోజు నేను చెప్పబోయేది.

ఈజిప్టులో రాజుల్ని చూడటం తేలిక. ఎటు తిరిగినా వాళ్ళ విగ్రహాలే. రాళ్ళు మోసినవాణ్ణి, పడవ నడిపినవాణ్ణి, గోడ మీద రంగు వేసినవాణ్ణి, దుక్కి దున్నినవాణ్ణి చూడాలంటే మాత్రం కొంచెం వెతకాలి. వెతికితే దొరుకుతారు. అంత పాత కాలం నాటి మామూలు మనుషులు అంత దగ్గరగా దొరికే దేశాలు భూమ్మీద బహు తక్కువ. ఆ ఎండకు, ఆ పొడి ఇసుకకు మూడు నాలుగు వేల ఏళ్ళ నాటి కాయితం ముక్క కూడా చెడకుండా నిలిచింది. మన దగ్గర తాటాకు నాలుగు వానాకాలాలు గడిస్తే చెదల పాలు. అందుకని ఆ దేశానికి పోయేవాళ్ళు రాజుల కట్టడాల కొలతలు తెలుసుకుంటూనే, ఆ రాజుల కింద చెమటోడ్చిన మనుషుల్ని కూడా వెతుక్కోమని నా మనవి.

మొదట గీజా. కైరో నగరం పెరిగి పెరిగి పిరమిడ్ల దాకా వచ్చేసింది. మేడల సందుల్లోంచి ఒక్కసారిగా ఆ రాతి కొండ కనబడుతుంది. పెద్ద పిరమిడ్‌ను ఖుఫు అనే రాజు క్రీ.పూ. 2560 ప్రాంతంలో కట్టించుకున్నాడు. కట్టిన నాడు దాని ఎత్తు 146 మీటర్లకు పైనే. పై రాళ్ళు పోయి ఇప్పుడు 138 మీటర్ల దగ్గర నిలిచింది. అడుగున ఒక్కో పక్క 230 మీటర్లు, అంటే ఒకసారి చుట్టి వస్తే కిలోమీటరుకు కాస్త తక్కువ నడిచినట్టు. సుమారు 23 లక్షల రాళ్ళు పేర్చి కట్టారని లెక్క.

ఈ అంకెలు గైడ్లు కూడా చెబుతారు. వాళ్ళు చాలాసార్లు చెప్పకుండా వదిలేసే మనిషి ఒకడున్నాడు. అతని పేరు మేరేర్. 2013లో పియరీ తల్లే అనే ఫ్రెంచి పరిశోధకుడి బృందానికి ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్ అనే చోట పాపిరస్ కాయితం ముక్కలు దొరికాయి. రాత ఉన్న పాపిరస్‌లలో ఇంతవరకు తెలిసినవాటిలో అవే అతి పాతవి. వాటిలో ఒకటి ఈ మేరేర్ రోజువారీ రాసుకున్న పని పుస్తకం. అతని కింద సుమారు 40 మంది పడవ కూలీలు. నైలుకు ఆ ఒడ్డున తూరా అనే చోట తెల్లని సున్నపురాయి గనులు. అక్కడ రాయి ఎక్కించుకోవడం, నది మీద, కాలువల మీద తీసుకురావడం, ఖుఫు పిరమిడ్ దగ్గర దించడం, మళ్ళీ వెనక్కి పోవడం. ఈ రోజు ఎక్కడ పడుకున్నాం, ఎంత దూరం వచ్చాం, తిండిగింజలు ఎప్పుడు అందాయి, ఇవే అతని రాతలు. పది రోజులకు రెండు మూడు ట్రిప్పులు పడేవి. తన చేతిలో ఉన్న పని ప్రపంచం నోరెళ్ళబెట్టే కట్టడమని అతను ఎక్కడా గొప్పగా రాసుకోలేదు. అతనికి అది ఆ పూట డ్యూటీ.

మేరేర్ మోసిన తెల్లరాయి పిరమిడ్‌కు పైపొరగా వేశారు. 1303లో భూకంపం వచ్చి ఆ పొర కదిలింది. తర్వాత ఆ రాళ్ళను కైరోలో మసీదులకు, కోటలకు వాడుకున్నారు. కాబట్టి పాత కైరో వీధుల్లో తిరిగేటప్పుడు కూడా గోడల్ని చూసి నడవండి, పిరమిడ్ రాయి పక్కనుంచే పోతుండవచ్చు. ఆ వీధుల్లోనే 972లో పూర్తయిన అల్-అజ్హర్ మసీదు ఉంది. మా రాయికోడ్, జహీరాబాద్‌ల ముస్లిం కుటుంబాల్లో చదువుకున్న పెద్దలకు ఆ పేరు ఎప్పటినుంచో తెలుసు. పిరమిడ్ల కోసం పోయినవాళ్ళు దాన్ని చూడకుండా వస్తే ఒక పూట దండగ చేసుకున్నట్టే.

పిరమిడ్లు కట్టినవాళ్ళు బానిసలని మనం సినిమాల్లో చూశాం, కొరడా దెబ్బలు చూశాం. కానీ గీజాలోనే పిరమిడ్లకు దక్షిణంగా పనివాళ్ళ ఊరు తవ్వకాల్లో బయటపడింది. రొట్టెలు కాల్చిన పొయ్యిలు, చేపలు శుభ్రం చేసిన చోట్లు, పెద్ద ఎత్తున మాంసం తిన్న గుర్తులు దొరికాయి. 1990 నుంచి పనివాళ్ళ సమాధులు కూడా వెలుగు చూశాయి. విరిగిన ఎముకలకు కట్టు కట్టి అతికించిన ఆనవాళ్ళు ఆ అస్థిపంజరాల్లో ఉన్నాయి. బానిసను రాజు పిరమిడ్ నీడలో గౌరవంగా పాతిపెట్టరు. ఆ పని కష్టం కాదని నేను అనను. అరిగిన నడుము ఎముకలే దానికి సాక్ష్యం. కానీ వాళ్ళకు పేరుంది, ముఠా ఉంది, ముఠాకు ఒక పేరుంది, దాన్ని రాళ్ళ మీద ఎర్ర రంగుతో రాసుకున్నారు.

పెద్దవాళ్ళతో పోయేవారికి ఒక మాట. పిరమిడ్ లోపలికి పోయే దారి ఇరుకు. చాలా దూరం నడుము వంచి ఎక్కాలి, గాలి తక్కువ. లోపల ఆఖరున ఉండేది ఖాళీ రాతి పెట్టె ఒక్కటే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు బయటే ఉండి చూసినా ఏమీ పోగొట్టుకోరు.

కైరో నుంచి దక్షిణంగా నైలు వెంట సుమారు 650 కిలోమీటర్లు పోతే లక్సర్. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు. కర్ణాక్ గుడిలో 134 స్తంభాల మండపం ఉంది. నడిమి వరుసల్లోని 12 స్తంభాలు ఒక్కోటి 21 మీటర్ల ఎత్తు. నదికి అవతల ఒడ్డున రాజుల లోయ. 1922 నవంబర్ 4న హోవర్డ్ కార్టర్ అనే పరిశోధకుడి బృందానికి తూతాంఖామున్ రాజు సమాధి మొదటి మెట్టు దొరికింది అక్కడే. అందరూ అక్కడికి పోతారు, మీరూ పొండి. కానీ ఆ లోయకు దగ్గరలోనే దెయిర్ అల్-మదీనా అనే చిన్న ఊరి శిథిలం ఉంది. రాజుల సమాధులు తొలిచి, చెక్కి, రంగులు వేసిన పనివాళ్ళు కుటుంబాలతో కాపురమున్న ఊరు అది. బస్సుల్లో వచ్చే గుంపులు చాలావరకు అక్కడ ఆగవు. నన్నడిగితే మొత్తం ఈజిప్టులో మన పల్లె మనిషి ముందుగా చూడాల్సింది అదే.

ఆ ఊళ్ళో సెన్నెజెమ్ అనే పనివాడి సమాధి ఉంది. మెట్లు దిగి, వంగి లోపలికి పోవాలి. గది చిన్నది, పైకప్పు వంపు తిరిగి ఉంటుంది. గోడలన్నీ పచ్చటి పసుపు రంగు మీద వేసిన బొమ్మలు. రంగు నిన్న ఆరినట్టుంటుంది, వేసి మూడు వేల రెండు వందల ఏళ్ళు దాటింది. ఒక గోడ నిండా పొలం. చుట్టూ నీలి గీతలతో నీటి కాలువ. సెన్నెజెమ్ నాగలి మేడి పట్టుకుని దున్నుతున్నాడు. ముందు మచ్చల ఎద్దుల జత. అతని చేతిలో కొరడా. వెనకాల అతని భార్య ఈనెఫెర్తి, తెల్లటి బట్టలు కట్టుకుని, చాలు వెంట విత్తనం చల్లుతోంది. మరో వరుసలో ఇద్దరూ కోతకు వంగారు. కొడవలితో వెన్నులు కోస్తున్నారు, అవిసె మొక్కలు పీకుతున్నారు. కింద ఖర్జూరపు చెట్లు, పూల మొక్కలు. చచ్చిపోయాక పోయే లోకం ఎట్లా ఉంటుందని ఆ మనిషి ఊహించుకున్నాడో ఆ గోడ మీద వేయించుకున్నాడు. రాజుల గోరీల్లో దేవతలు, పాములు, నరకద్వారాలు. పనివాడి గోరీలో పచ్చని చేను, మంచి ఎడ్లు, వెంట ఆలి.

ఆ గోడ ముందు నిలబడితే నాకు మా జహీరాబాద్ ప్రాంతపు ఆడవాళ్ళే గుర్తొచ్చారు. మా దిక్కు మగవాడు గొర్రు తోలితే వెనకాల విత్తనం వేసే చెయ్యి ఆడమనిషిదే. ఏ గింజ దాచాలో, ఏ మడిలో ఏది వేయాలో తెలిసిందీ ఆమెకే. పస్తాపూర్ చుట్టుపక్కల సంఘాల మహిళలు ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు పేర్చి ఊరూరా తిప్పే పాత పంటల జాతర చూసినవాళ్ళకు ఈనెఫెర్తి పరాయి మనిషిగా కనబడదు. మాచనూరులో ఈ మహిళలే నడిపే సంఘం రేడియో 2008లో మొదలైంది. దానిలో విత్తనాల సంగతులు మాట్లాడే గొంతులు విన్నవాళ్ళు ఆ సమాధి గోడ చూస్తే నా మాట ఒప్పుకుంటారు.

దెయిర్ అల్-మదీనా పనివాళ్ళు పలకల్లాంటి రాతి పెచ్చుల మీద, కుండ పెంకుల మీద బోలెడు రాసి పారేశారు. రామ్సెస్ 2 అనే రాజు కాలం నాటి ఒక హాజరు పట్టీ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎవడు ఏ రోజు పనికి రాలేదు, ఎందుకు రాలేదు అని వరసగా రాసి ఉంది. ఒకడికి కళ్ళ జబ్బు. ఒకడు ఇంట్లో బీరు కాస్తున్నాడు. ఒకడు తల్లి శవాన్ని బట్టల్లో చుట్టే పనిలో ఉన్నాడు. ఒకణ్ణి తేలు కుట్టింది. ఎండాకాలం రాళ్ళ మధ్య పనిచేసిన మా వైపు మనిషికి ఆ చివరి కారణం ఎంత నిజమో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి కూడా ఆ ఊళ్ళోనే జరిగింది. రామ్సెస్ 3 ఏలుబడిలో 29వ ఏడు, అంటే క్రీ.పూ. 1157 ప్రాంతం. పనివాళ్ళకు నెల నెలా ఇవ్వాల్సిన గింజలు రాలేదు. వాళ్ళ జీతమే గింజలు. మా తాతల నాడు మా ఊళ్ళలో జీతగాళ్ళకు జొన్నలు కొలిచి ఇచ్చినట్టే. ఒకరోజు పనివాళ్ళందరూ ఉలులు, సుత్తులు వదిలిపెట్టి కొండ దిగి వచ్చి గుడి వెనకాల కూర్చున్నారు. ఆకలవుతోంది, బట్టల్లేవు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు, ఈ సంగతి రాజుకు చెప్పండని అధికారులతో అన్నారు. చరిత్రలో రాతపూర్వకంగా తెలిసిన మొదటి సమ్మె ఇదేనని చెబుతారు. దాన్ని నమోదు చేసిన పాపిరస్ ఇటలీలో టూరిన్ మ్యూజియంలో ఉంది. చివరికి గింజలు వచ్చాయి, మళ్ళీ ఆగాయి, మళ్ళీ కూర్చున్నారు. రాజుల లోయలో మనం నోరు తెరిచి చూసే రంగులన్నీ ఈ చేతులవే. ఆ చేతులు ఆకలికి ఆగిన రోజులు కూడా ఉన్నాయని తెలిసి చూస్తే ఆ రంగులు ఇంకోలా కనబడతాయి.

లక్సర్ ఎండ గురించి కూడా చెప్పాలి. వేసవిలో నలభై డిగ్రీలు దాటిపోతుంది, నీడ ఉండదు. మన దసరా తర్వాత బయల్దేరి శివరాత్రి లోపల తిరిగి వచ్చేటట్టు చూసుకోండి. బక్షీసు అడిగేవాళ్ళు అడుగడుగునా ఉంటారు, ముందే బేరం మాట్లాడుకోకుండా ఒంటె ఎక్కకండి. తిండికి కోషరి దొరుకుతుంది. అన్నం, పప్పు, శనగలు, మాకరోనీ కలిపి, పైన వేయించిన ఉల్లిగడ్డ, టమాటా పులుసు పోస్తారు. మన శాకాహారులకు ఇబ్బంది లేదు.

ఇంకా దక్షిణానికి పోతే అస్వాన్. అక్కడి నుంచి మరో 280 కిలోమీటర్ల దూరంలో అబూ సింబెల్. కొండను తొలిచి రామ్సెస్ 2 చేయించుకున్న గుడి. బయట కూర్చున్న నాలుగు విగ్రహాలు 20 మీటర్ల ఎత్తు. ఇది అసలు ఉన్న చోటు ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. అస్వాన్ హై డ్యామ్ కడితే గుడి మునిగిపోతుందని తేలాక యునెస్కో పిలుపుతో యాభై దేశాలు డబ్బులు వేసుకున్నాయి. 1964 నుంచి 1968 దాకా ఆ కొండను రంపాలతో ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు నంబరు వేసి, 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి జరిపి మళ్ళీ పేర్చారు. ఏటా ఫిబ్రవరిలోను అక్టోబరులోను ఉదయపు ఎండ గర్భగుడి దాకా పోయే ఏర్పాటు కూడా చెడకుండా కాపాడారు.

ఇది మనిషి చేసిన గొప్ప పనుల్లో ఒకటి, సందేహం లేదు. కానీ మన శ్రోతలకు ఇందులో రెండో కథ వెంటనే తెలుస్తుంది. అదే డ్యామ్ కింద నూబియా జాతి ఊళ్ళు మునిగాయి. ఒక్క ఈజిప్టు వైపే సుమారు 50 వేల మంది, తరతరాల నది ఒడ్డును, ఖర్జూరపు తోటలను వదిలి కోమ్ ఓంబో వైపు కట్టిచ్చిన కాలనీలకు పోవాల్సి వచ్చింది. గుడికి యాభై దేశాలు వచ్చాయి. ఊళ్ళ కోసం అన్ని దేశాలు రాలేదు.

మనకు కూడా ఈ రెండు కథలూ తెలుసు. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు 1954 నుంచి 1960 దాకా ఆ లోయను తవ్వి, నాగార్జునకొండ శిథిలాలు కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని అనుపు దగ్గరికి తరలించారు. శ్రీశైలం నీళ్ళు వస్తాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌లో నిలబెట్టారు. మా మంజీర మీద సింగూరు కట్టినప్పుడు హైదరాబాద్‌కు తాగునీళ్ళు పోయాయి, మా దిక్కు ఊళ్ళు నీళ్ళలోకి పోయాయి. ఎండాకాలం నీళ్ళు తగ్గిన ఏడు పాత గోడలు, పాత బావి వరలు బయటపడితే ముసలివాళ్ళు పోయి చూసుకుని వస్తారు. అస్వాన్‌లో నూబియా మ్యూజియం ఉంది. ఆ జనం ఇళ్ళు, పెళ్ళిళ్ళు, వ్యవసాయం అక్కడ బొమ్మలుగా పెట్టారు. అబూ సింబెల్ పోయేవాళ్ళు ఆ మ్యూజియం చూసి పోవాలని నా కోరిక. సింగూరు కింద పోయిన ఊళ్ళకు మనం ఇట్లాంటిది ఒక్క గది కూడా కట్టుకోలేదన్న బాధ నాకు అక్కడే కలిగింది.

కైరోకు తిరిగి వచ్చాక గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం. 2025 నవంబర్ 1న లాంఛనంగా తెరిచారు. లోపలికి పోగానే రామ్సెస్ 2 నిలువెత్తు విగ్రహం, 83 టన్నుల రాయి. తూతాంఖామున్ సమాధిలో దొరికిన అయిదు వేలకు పైగా వస్తువులు ఒకే చోట ఉన్నాయి. అక్కడ ఒక రోజంతా పెట్టుకోండి. అయినా ఈజిప్టు వాళ్ళ సొత్తు అంతా ఈజిప్టులో లేదు. రొసెట్టా రాయి లండన్‌లో, నెఫెర్తితి రాణి శిరస్సు బెర్లిన్‌లో ఉన్నాయి. మన అమరావతి స్తూపం చలువరాతి శిల్పాలు నూరుకు పైగా లండన్‌లోనే ఉన్నాయి. ఈ విషయంలో మనమూ వాళ్ళూ ఒకే వరసలో నిలబడ్డవాళ్ళం.

అయితే ఈజిప్టు సొత్తు ఒకటి మన దగ్గర కూడా ఉంది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో నైషు అని పిలిచే ఒక యువతి మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకు కొని తెచ్చాడని, ఏడో నిజాం దాన్ని 1930లో మ్యూజియంకు ఇచ్చాడని చెబుతారు. 2016లో ఎక్స్‌రేలు తీసి, మరమ్మతు చేసి, గాలి చొరని పెట్టెలో పెట్టారు. బడి పిల్లలు ఆ పెట్టె చుట్టూ మూగి దయ్యం, దయ్యం అని కేకలు వేస్తుంటారు. తప్పు వాళ్ళది కాదు, ఎవరూ చెప్పలేదు. అక్కడున్నది ఒక ఇంటి బిడ్డ అని, ఆమె పుట్టిన దేశం ఫలానా అని, మళ్ళీ బతుకుతుందన్న ఆశతోనే ఆమె వాళ్ళు అంత శ్రద్ధగా చుట్టి పెట్టారని పిల్లలకు చెబితే వాళ్ళే నెమ్మదిస్తారు. రామ్సెస్ 2తో సహా 22 మంది రాజులు, రాణుల మమ్మీలను 2021 ఏప్రిల్ 3న ఈజిప్టు వాళ్ళు కైరో వీధుల్లో అధికార లాంఛనాలతో ఊరేగించి మరో కొత్త మ్యూజియంకు తీసుకుపోయారు. మన హైదరాబాద్ ఆడబిడ్డకు ఊరేగింపు అక్కర్లేదు, మర్యాద చాలు.

ఇక నన్ను ఈజిప్టు వైపు లాగిన అసలు సంగతి చెబుతాను. అది పిరమిడ్ కాదు, మమ్మీ కాదు. 2023 ఏప్రిల్‌లో ఈజిప్టు పురావస్తు శాఖ ఒక ప్రకటన చేసింది. ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికే అనే పాడుబడ్డ రేవు పట్నంలో, ఐసిస్ దేవత గుడి ఆవరణలో, పాలరాతి బుద్ధుడి విగ్రహం దొరికింది. ఎత్తు 71 సెంటీమీటర్లు. తల వెనక ప్రభామండలం, పక్కన తామర. మన దేశం పడమటి దిక్కున ఇంత దూరాన అంత పాత బుద్ధ విగ్రహం దొరకడంతో పత్రికలన్నీ దాని బొమ్మ వేశాయి. రోమన్ చక్రవర్తి ఫిలిప్ కాలం నాటి సంస్కృత శాసనం కూడా దొరికిందని రాశాయి. అదే ప్రకటనలో ఒక్క వాక్యం ఇంకోటి ఉంది. క్రీ.శ. 2వ శతాబ్దపు శాతవాహన నాణేలు రెండు అక్కడ దొరికాయని.

శాతవాహనులంటే మనవాళ్ళు. కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు, మా సంగారెడ్డి జిల్లా కొండాపూర్ అంతా వాళ్ళ నేల. మన దగ్గర చెలామణి అయిన నాణెం ఆ ఇసుకలో ఎట్లా పడింది?

ఆ నాణెం పోయిన దారి గురించి చాలా తెలుసు. బెరెనికేను క్రీ.పూ. 3వ శతాబ్దంలో టాలెమీ 2 అనే ఈజిప్టు రాజు కట్టించాడు. రోమన్లు ఈజిప్టును పట్టుకున్నాక మన దేశంతో వర్తకం పెరిగింది. ఎర్రసముద్రంలోని మరో రేవు నుంచి ఏటా 120 ఓడలు మన దేశానికి పోతున్నాయని స్ట్రాబో అనే గ్రీకు రచయిత రాశాడు. ఎండాకాలం చివర బయల్దేరి నైరుతి గాలి మీద ఇటు వచ్చి, చలికాలం ఈశాన్య గాలి మీద అటు పోయేవారు. సరుకు బెరెనికేలో దింపి, ఒంటెల మీద పన్నెండు రోజులు ఎడారి దాటించి నైలు చేర్చేవారు, అక్కడి నుంచి పడవల్లో అలెగ్జాండ్రియాకు. బెరెనికేలోని ఒక గుడి ఆవరణలో మన దేశపు పెద్ద కుండలో ఏడున్నర కిలోల మిరియాలు దొరికాయి. టేకు దూలాలు దొరికాయి. ఇన్ని సరుకులు కొంటూ ఏటా అయిదు కోట్ల సెస్టెర్స్ నాణేలు ఇండియాకు పోతున్నాయని రోమ్‌లో ప్లినీ అనే రచయిత బాధపడ్డాడు.

ఆ కాలంలోనే ఈజిప్టు నుంచి వచ్చిన ఒక పేరు తెలియని గ్రీకు వ్యాపారి మన రేవుల మీద ఒక పుస్తకం రాశాడు. దాన్ని పెరిప్లస్ అంటారు. పైఠాన్, తగర పట్నాల నుంచి బండ్ల మీద సరుకులు భరూచ్ రేవుకు వస్తాయని, తగర సరుకు నూలు బట్టలని, మన కృష్ణా ముఖద్వారపు మసాలియా సీమలో సన్నని నూలు వస్త్రాలు తయారవుతాయని రాశాడు. తగర అంటే ఇప్పుడు మహారాష్ట్ర ధారాశివ్ జిల్లాలోని టేర్. మచిలీపట్నం వైపు నుంచి హైదరాబాద్ ప్రాంతం మీదుగా, కళ్యాణి మీదుగా టేర్‌కు, అక్కడి నుంచి పైఠాన్‌కు ఒక పాత బండ్ల బాట ఉండేదని పండితులు గుర్తించారు. మ్యాపు తీసి చూడండి. ముంబై హైవే సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ మీదుగా పోయే దిక్కే అది. ఈరోజు చెరకు లారీలు పోయే దారి పొడుగునా ఆనాడు ఎడ్లబండ్ల మీద బట్టల మూటలు పోయేవి.

ఆ దారి పక్కనే కొండాపూర్. 1940ల మొదట్లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలోని హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ ఆ మట్టి దిబ్బ తవ్వితే పట్నం బయటపడింది. బౌద్ధ కట్టడాలు, బావులు, బట్టీలు, రాతి పూసలు, తెల్లమట్టితో చేసిన సన్నని బొమ్మలు, రాశులకొద్దీ శాతవాహన నాణేలు. సీసంవి, రాగివి. నాణేలు పోసే టంకశాల అక్కడ ఉండేదని పురావస్తు పండితుల అభిప్రాయం. వాటి నడుమ రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం ఒకటి దొరికింది. రోమన్ నాణెం మీది తలను చూసి మట్టితో అచ్చు తీసి, మెడలో వేసుకునే బిళ్ళలు కూడా మనవాళ్ళు చేసుకున్నారు. అంటే బంగారం కొనలేని కొండాపూర్ ఆడమనిషి మట్టి బిళ్ళ మీద రోమ్ రాజు ముఖం వేసుకుని తిరిగిందన్నమాట. దూరదేశపు సొగసు మీద ఆమెకున్న మోజును నేను అమితంగా ఇష్టపడతాను.

బెరెనికే పర్యాటకుల బస్సులు పోయే చోటు కాదు. ఎడారి చివర, సముద్రం ఒడ్డున, సదుపాయాలేవీ లేని తవ్వకాల స్థలం. ఆ రెండు నాణేలను మీకు అక్కడ ఎవరూ చూపించరు. కానీ వాటి తోబుట్టువులు మనకు సగం పూట ప్రయాణంలో ఉన్నాయి. రాయికోడ్ నుంచి బయల్దేరితే సదాశివపేట దాటి కొండాపూర్ ఎంతో దూరం కాదు. దిబ్బ పక్కనే కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా. మ్యూజియం చూసి దిబ్బ మీదికి నడవండి. వానలు పడ్డ తర్వాత అక్కడ కుండ పెంకులు, ఒక్కోసారి పూసలు పైకి తేలి కనబడతాయి. పిల్లల్ని తీసుకుపోయే మాస్టార్లు వాటిని జేబుల్లో వేసుకోనివ్వకండి. దొరికింది దొరికిన చోటే చూపించి, మ్యూజియం వాళ్ళను పిలవమనండి. ఏ పెంకు ఏ పొర మీద, ఏ పూస పక్కన ఉందో దాన్నిబట్టే ఆ దారి కథ ఇంకా కొంత రాయగలుగుతారు.